పదిహేడో స్లయిడ్

ఫ్రీటౌన్. ఏప్రిల్ నెల, వానలింకా దిగలేదు.
హోటల్ మూడో అంతస్తులో పన్నెండుమంది అతిథులు,
నీళ్ల సీసాల మీద చల్లటి చెమట,
బయటి సాయంత్రం కనబడకుండా మందపాటి తెరలు.
నేను ఇంధన శాఖలో ఉపసంచాలకురాలిని.
దేశాన్ని నలభై స్లయిడ్లుగా మడిచి తెచ్చాను.

కింద, వంటగది వెనక,
జనరేటర్ పక్కన స్టూలు వేసుకుని మోమో కల్లన్.
పొద్దున్నే మంత్రిగారి మనిషి వచ్చి చెప్పివెళ్లాడు:
"ఇవాళ ఒక్క క్షణం కరెంటు పోయిందా,
నీ ఉద్యోగమూ పోయినట్టే."

చీకటి గురించి చెప్పడానికి
ఎంత వెలుతురు కావాలో!
బొమ్మ బొమ్మకీ గుక్కెడు డీజిల్.
మొదటి స్లయిడ్: యుద్ధం రోజుల్లో
స్తంభాల మీది రాగి దిగొచ్చి
గిన్నెలైన, గాజులైన కథ.
ఏడోది నది.
పన్నెండోది, నది మీద ఇంకా లేని ఆనకట్ట,
నీలిరంగులో.

లండన్ నుంచి వచ్చిన పెద్దాయన
కళ్లజోడు తుడుచుకుంటూ అడిగాడు:
"అంతా బాగుంది.
మీ జనం బిల్లు కట్టగలరా?"

జవాబు పట్టికలో ఉంది, మూడు రంగుల్లో.
నాకు మాత్రం యేబు గుర్తొచ్చింది.
మా పినతల్లి కూతురు, నది ఎగువన మంత్రసాని.
సెల్‌ఫోన్ టార్చిని పళ్ల మధ్య పట్టుకుని
బిడ్డల్ని అందుకుంటుంది.
ఆ ఫోన్ చార్జింగుకి శుక్రవారం శుక్రవారం
రెండు మైళ్లు నడిచి, చిల్లర లెక్కపెట్టి ఇస్తుంది.
దీపముండగా ఇల్లు చక్కబెట్టుకోమంటారు;
తను దీపాన్ని కొరికి పట్టుకుని
ఊరంతటినీ చక్కబెడుతుంది.
నోరు ఖాళీ లేదు గనక
తల్లికి ధైర్యం మాత్రం చెప్పలేదు.

పదిహేడో స్లయిడ్ దగ్గర కిందికి ఫోన్ చేశాను.
"మోమో, ఆపెయ్."
"మ్యాడమ్?"
"ఆపు. మాట నాది."

ఏసీ ఆఖరి ఊపిరి వదిలింది.
పెద్దమనుషుల మోచేతులు ఒకదానికొకటి తగిలి
క్షమాపణలు చెప్పుకున్నాయి.
తడుముకుంటూ వెళ్లి తెర లాగి, కిటికీ తీశాను.
కొండవాలు మీద ఇంటింటి జనరేటరూ
క్షయరోగిలా దగ్గుతోంది.

"అదిగో, కడుతూనే ఉన్నారు," అన్నాను.
"ప్రతి రాత్రీ, లీటరు లీటరుకీ,
మీరు అడగబోయే ధరకి మూడింతలు.
రాసుకోవడానికి మీటరు లేదు, అంతే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
ఒకాయన లైటర్ వెలిగించి
తలుపెక్కడుందో చూసుకున్నాడు.

తర్వాతంతా మామూలే.
నన్ను సంజాయిషీ అడిగారు.
నాలుగు నెలలకి ఒప్పందం కుదిరింది:
పాతికేళ్లు, డాలర్లలో,
వాడినా కట్టాలి, వాడకపోయినా కట్టాలి.
నలభై ఆరో పేజీ అడుగున ఆర్థిక శాఖ సంతకం.
దాని పక్కన కంటికి కనబడని ఇంకొకటి,
ఆ రాత్రి యేబు చేతుల్లోకి జారిన బిడ్డది.
ఆ పేజీ అంచున పెన్సిల్‌తో నా అభ్యంతరం రాశాను.
తిరిగొచ్చేసరికి
రబ్బరు రుద్దిన మచ్చ మిగిలింది.

మోమో ఉద్యోగం పోకుండా నేను అడ్డుపడ్డాను.
మొన్న అడిగాడు, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ:
"తీగ వచ్చాక నా సంగతేంటి మ్యాడమ్?"
నా పట్టికలో ఆ గడి లేదు.

ఎగువ ఊరికి స్తంభాలైతే వచ్చాయి.
దారి పొడవునా నిలబెట్టారు.
తీగ ఇంకా ఓడలోనే ఉందట.
ఈలోగా స్తంభానికీ మామిడిచెట్టుకీ తాడు కట్టి
ఆడవాళ్లు బట్టలారేస్తున్నారు.
వాటి మధ్య యేబు తెల్లకోటు,
ఎంత ఉతికినా వదలని పురిటి మరకతో.

ఎండ బాగా కాస్తోంది.